మణికట్టు నొప్పికి మొదటి మందు – మౌస్‌కు విశ్రాంతి

ముప్పది సంవత్సరాలుగా ఇతరుల మణికట్టు పట్టుకొని నాడి చూడడం నా వృత్తి. 2023వ సంవత్సరం వినాయక చవితి వెళ్ళిన వారంలో ఒకనాటి ఉదయం, తెనాలిలోని మా వైద్యశాలలో ఒక వృద్ధుని కుడి మణికట్టుపై యథాప్రకారం మూడు వ్రేళ్ళు ఆనించాను. నాడి అందలేదు. వ్రేళ్ళు కొంచెం జరిపి, కొంచెం అదిమి చూశాను. అయినా స్పష్టత లేదు. ఎడమచేతితో చూడగా ఆయన నాడి చక్కగా, క్రమంగా నడుస్తూనే ఉంది. లోపం ఆయన నాడిలో లేదు, నా కుడిచేతి వ్రేళ్ళలో ఉంది.

నాడీపరీక్షలో చూపుడువ్రేలి క్రింద వాతాన్ని, మధ్యవ్రేలి క్రింద పిత్తాన్ని, ఉంగరపువ్రేలి క్రింద కఫాన్ని గుర్తిస్తారని పాఠకులు వినే ఉంటారు. ఆనాడు నా చూపుడువ్రేలు, మధ్యవ్రేలు పూర్తిగా మొద్దుబారి ఉన్నాయి. ఉంగరపువ్రేలిలో సగం మాత్రమే స్పర్శ ఉంది. చిటికెనవ్రేలు ఏ లోపమూ లేక హాయిగా ఉంది. కాని చిటికెనవ్రేలితో నాడి చూడరు కదా!

వైద్యునికి వచ్చిన ఈ వ్యాధి ఎందువలన వచ్చింది, ఎలా తగ్గింది అన్నది ఇక్కడ వివరిస్తాను. నేడు కంప్యూటర్ ముందు కూర్చోని ఇల్లు అరుదు. పిల్లల చదువు, పెద్దల పెన్షను పనులు, కరెంటు బిల్లు, రైలు టిక్కెట్టు అన్నీ దాని మీదనే జరుగుతున్నాయి. కనుక ఈ అనుభవం చాలామందికి పనికివస్తుందని నా నమ్మకం.

తండ్రిగారి నోటు పుస్తకాలు

మా తండ్రిగారు కూడా వైద్యులే. నలభై సంవత్సరాల అనుభవంలో తాము చేసిన చికిత్సలను పదకొండు నోటు పుస్తకాలలో స్వహస్తంతో వ్రాసి ఉంచారు. ప్రతి పుస్తకం మొదటి పుటలో "నిదానం మొదట, ఔషధం పిదప" అని వ్రాసుకొనేవారు. నిదానం అంటే వ్యాధికి కారణం. కారణాన్ని కనుగొని తొలగించిన తరువాతనే మందు గురించి ఆలోచించాలని దాని భావం.

ఆ పుస్తకాలలో రెండింటిని చెదలు తినడం మొదలుపెట్టింది. సిరా వెలిసిపోతున్నది. ఆలస్యమైతే అన్నీ పోతాయన్న భయంతో వాటిని కంప్యూటర్‌లో ఎక్కించడం ఆరంభించాను. రోగులందరూ వెళ్ళిన తరువాత, రాత్రి తొమ్మిది గంటల నుండి పన్నెండు వరకు ఇదే పని. తెలుగు టైపు చేయడం నిదానంగా వచ్చింది. తక్కిన పనులన్నీ, అనగా ఒక వాక్యాన్ని గుర్తించడం, ఒకచోటి నుండి మరొకచోటికి మార్చడం, భద్రపరచడం, పుట పైకీ క్రిందికీ జరపడం మౌస్‌తోనే చేసేవాడిని. వేరొక మార్గం ఉన్నదన్న తలంపే నాకు లేదు.

మూడు మాసాలు గడిచేసరికి కుడి మణికట్టులో సన్నని నొప్పి మొదలయింది. పిదప బొటనవ్రేలు, ప్రక్కనున్న రెండు వ్రేళ్ళు తిమ్మిరెక్కసాగాయి. తెల్లవారుజామున మూడు గంటలకు చేయి మంటతో మెలకువ వచ్చేది. చేతిని క్రిందికి వ్రేలాడదీసి విదిలిస్తే కొంత ఉపశమనం కలిగేది.

వైద్యుడను కనుక నాకు నేనే చికిత్స చేసుకొన్నాను. మహానారాయణ తైలం మర్దన, వావిలాకు కాపడం, ఉప్పుమూట కాపడం అన్నీ చేశాను. తైలం రాసిన రాత్రి హాయిగా ఉండేది. మరునాటి రాత్రి పని ముగిసేసరికి మళ్ళీ యథాస్థితి. "చేతికి నూనె రాయడం నా వంతు, దాన్ని పాడుచేసుకోవడం మీ వంతు" అని మా ఇల్లాలు నిష్ఠూరమాడేది. ఆ మాటలోనే వ్యాధి నిదానం ఉన్నదని అప్పుడు గ్రహించలేకపోయాను.

ఒకనాడు ఉప్పుమూట కాపడం పెట్టుకొన్న మరునాడు చూస్తే చూపుడువ్రేలి చివర బొబ్బ లేచి ఉంది. మూట ఎంత వేడిగా ఉన్నదో వ్రేలికి తెలియలేదు. అప్పుడు భయం వేసి గుంటూరులో నరాల వైద్య నిపుణుని సంప్రదించాను. వారు నరాల ప్రసరణ పరీక్ష చేయించి, ఇది కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అనే వ్యాధి అని, తొలిదశలోనే ఉన్నదని చెప్పారు. మధుమేహానికీ, థైరాయిడ్‌కూ రక్తపరీక్షలు చేయగా రెండూ సక్రమంగానే ఉన్నాయి. రాత్రివేళ మణికట్టు వంగకుండా పట్టీ ధరించవలసిందనీ, మణికట్టుకు విశ్రాంతి ఇవ్వవలసిందనీ సలహా ఇచ్చారు. నేను పట్టీ ధరించాను, విశ్రాంతి మాత్రం ఇవ్వలేదు. తెలిసి తెలిసి తప్పు చేయడాన్ని మన శాస్త్రం ప్రజ్ఞాపరాధం అన్నది. ఆ అపరాధాన్ని రోగులకు రోజూ బోధించే నేనే చేశాను.

మణికట్టులో ఏమి జరుగుతుంది?

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు వంపుగా అమరి ఉంటాయి. వాటిపై ఒక బలమైన బంధనం కప్పు వలె ఉంటుంది. ఈ రెంటి నడుమ ఏర్పడిన ఇరుకైన సొరంగం వంటి మార్గంలో వ్రేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులు, ఒక ముఖ్యమైన నరం ప్రయాణిస్తాయి. మీడియన్ నరం అనబడే ఈ నరం బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి, మధ్యవ్రేలికి, ఉంగరపువ్రేలిలో సగానికి స్పర్శజ్ఞానం ఇస్తుంది. స్నాయువుల చుట్టూ వాపు వచ్చినా, మణికట్టు ఎక్కువసేపు వంగి ఉన్నా ఆ మార్గంలో ఒత్తిడి పెరిగి నరం నలుగుతుంది. చిటికెనవ్రేలి నరం వేరొక మార్గాన పోతుంది కనుక దానికి ఈ బాధ ఉండదు. చిటికెనవ్రేలు కూడా తిమ్మిరెక్కితే మోచేతిలోనో మెడలోనో వేరే కారణం ఉండవచ్చునని అనుమానించాలి.

మన ప్రాచీనులు మణికట్టును సామాన్యమైన కీలుగా చూడలేదు. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మస్థానాలలో మణిబంధం ఒకటి. దెబ్బ తగిలితే విశేషంగా బాధ కలిగించే రుజాకర మర్మాలలో దీనిని చేర్చాడు. ఇది దెబ్బతింటే చేయి తన పని తాను చేయలేని కుంఠితస్థితి వస్తుందని కూడా చెప్పాడు. చరకుడు శరీరకర్మల అతియోగాన్ని, అనగా ఒకే పనిని మితిమీరి చేయడాన్ని, వ్యాధికారణాలలో పేర్కొన్నాడు.

పడమటి దేశాలలోనూ ఈ గ్రహింపు కొత్తది కాదు. వృత్తుల వలన కలిగే వ్యాధులపై గ్రంథం రచించిన ఇటలీ వైద్యుడు రామజ్జినీ, 1713 నాటి కూర్పులో లేఖకుల బాధలను ప్రస్తావించాడు. ఎడతెగక కూర్చొని ఉండడం, చేతిని ఎల్లప్పుడూ ఒకే తీరున కదపడం, మనస్సుపై ఒత్తిడి అనే మూడు కారణాలను చూపాడు. ఆనాటి కలం స్థానంలో నేడు మౌస్ వచ్చింది. కారణాలు మాత్రం అవే.

కంప్యూటర్ పని ఒక్కటే ఈ వ్యాధిని తెచ్చిపెడుతుందా అన్న విషయంలో పరిశోధకులలో ఏకాభిప్రాయం లేదు. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భధారణ, స్థూలకాయం, కీళ్ళవాతం వంటి కారణాలూ ఉన్నాయి. స్త్రీలలో ఇది అధికం. కాని మౌస్‌ను పట్టుకొని లాగుతున్నప్పుడు, గురి చూసి నొక్కుతున్నప్పుడు, చేతిని దానిపై ఊరక ఉంచినప్పటి కంటె ఈ మార్గంలో ఒత్తిడి పెరుగుతుందని 1999లో వెలువడిన ఒక అధ్యయనంలో తేలింది. నలిగిన నరాన్ని ప్రతి రాత్రి మూడు గంటలు మరింత నలిపితే ఏ తైలం ఏమి చేయగలదు?

ఒక సోదరి చెప్పిన చికిత్స

ఆ సంవత్సరం కార్తిక మాసంలో ఏబది సంవత్సరాల వయస్సు గల ఒక సోదరి మోకాళ్ళ నొప్పులకు మందు కోసం వచ్చింది. విజయవాడలో చాలాకాలం డి.టి.పి. పని చేసి, ఇప్పుడు ఇంటివద్దనే పుస్తకాలు కూర్చి ఇస్తున్నది. మందు పొట్లాలు కడుతుండగా నా చేతి పట్టీని చూచి అడిగింది.

"డాక్టరు గారూ, చేతికి ఏమయిందండీ?"

"కొంచెం వాతం చేసిందమ్మా."

"ఆ బల్ల మీది మౌస్‌కు నూనె జిడ్డు అంటుకొని ఉందండీ. నూనె రాసుకొన్న చేత్తోనే మళ్ళీ దాన్ని పట్టుకొంటున్నారు కదూ?"

నాకు సమాధానం తోచలేదు. నోటు పుస్తకాల సంగతి అంతా చెప్పాను. ఆమె నవ్వి, "ఒక పని చేయండి. ఈ రాత్రి ఒక్క పుట ఎక్కించేటప్పుడు చేయి మౌస్ మీదికి ఎన్నిసార్లు వెళ్ళిందో ఎవరినైనా లెక్కపెట్టమనండి. ఆదివారం వచ్చి చూస్తాను" అని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మా ఇల్లాలు ప్రక్కన కూర్చొని చింతపిక్కలతో లెక్కవేసింది. ఒక్క పుటకు అరవై మూడు పిక్కలు అయ్యాయి. రాత్రికి నాలుగైదు పుటలు చేసేవాడిని. ఆ పిక్కల కుప్పను చూచినప్పుడు కలిగిన జ్ఞానం నరాల పరీక్ష కాగితం చూచినప్పుడు కూడా కలగలేదు.

ఆదివారం నాడు ఆమె వచ్చి, మొదట మౌస్‌ను తీసి తెర వెనుక పెట్టింది. పిదప మా తండ్రిగారి పుస్తకంలోని ఒక పుటను ఎక్కించి, రెండు యోగాల క్రమం మార్చి, ఒక తప్పు దిద్ది, భద్రపరచి చూపింది. ఒక్కసారి కూడా ఆమె చేయి కీబోర్డును విడువలేదు.

"మేము నేర్చుకొన్న రోజులలో కంప్యూటర్‌కు మౌస్ ఉండేది కాదండీ. వర్డ్‌స్టార్‌లో కంట్రోల్ మీట నొక్కి ఇ, ఎస్, డి, ఎక్స్ అక్షరాలు నొక్కితే పైకి, ఎడమకు, కుడికి, క్రిందికి వెళ్ళేది. తరువాత పేజ్‌మేకర్ వచ్చినా ఆ అలవాటు పోలేదు. మోకాళ్ళు పోయాయి గాని చేతులు మాత్రం నిలిచాయి" అన్నది.

ట్యాలీలో లెక్కలు వ్రాసే గుమాస్తాలు కూడా ఇటువంటివారేనని ఆమె గుర్తుచేసింది. చెల్లింపుకు ఎఫ్ 5, వసూలుకు ఎఫ్ 6, అమ్మకానికి ఎఫ్ 8, కొనుగోలుకు ఎఫ్ 9 నొక్కుతూ వారు రోజంతా మౌస్ ముట్టకుండానే పద్దులు వ్రాస్తారు. మన ఇళ్ళలో కామర్సు చదివిన పిల్లలు అనేకులకు ఇది తెలిసిన విద్యయే. దీనిని ఆరోగ్యసూత్రంగా మనం గుర్తించలేదు, అంతే.

తరువాత నేను చదివి తెలుసుకొన్న విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. మౌస్‌ను కనిపెట్టిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దానిని మొదటిసారిగా సభాముఖంగా ప్రదర్శించాడు. ఆనాడు ఆయన కుడిచేతిలో మౌస్ ఉంటే, ఎడమచేతి క్రింద ఐదు మీటల చిన్న పలక ఒకటి ఉంది. అక్షరాలనూ ఆదేశాలనూ దాని ద్వారా ఇచ్చేవాడు. అనగా పని రెండు చేతులకూ పంచబడింది. లోకం మౌస్‌ను గ్రహించి, ఆ మీటల పలకను మరచిపోయింది. భారమంతా కుడిచేతి మీద పడింది.

నాలుగు వారాల క్రమం

ఆ సోదరి నాకు మీటలన్నీ ఒకేసారి చెప్పలేదు. "మీరు మందు మోతాదు పెంచుకుంటూ పోయినట్లే ఇదీనండీ" అన్నది. ఆమె చెప్పిన క్రమాన్నే పాఠకులకు అందిస్తున్నాను. ఇవి విండోస్ కంప్యూటర్లకు వర్తిస్తాయి.

మొదటి వారం: ఐదు మీటలు చాలు. కంట్రోల్ మీటను పట్టి ఉంచి సి నొక్కితే గుర్తించిన భాగానికి నకలు తయారవుతుంది. ఎక్స్ నొక్కితే ఆ భాగం అక్కడి నుండి తొలగి సిద్ధంగా ఉంటుంది. వి నొక్కితే కోరినచోట చేరుతుంది. జడ్ నొక్కితే చేసిన పొరపాటు రద్దవుతుంది. ఎస్ నొక్కితే పని భద్రమవుతుంది. జడ్, ఎక్స్, సి, వి అనే నాలుగూ కీబోర్డు ఎడమవైపు క్రింది వరుసలో ప్రక్కప్రక్కనే ఉన్నాయి.

రెండవ వారం: కదలిక, గుర్తింపు. బాణం మీటలతో అక్షరం అక్షరంగా కదలవచ్చును. కంట్రోల్ పట్టి బాణం నొక్కితే ఒక్కొక్క పదం దాటుతుంది. షిఫ్ట్ కూడా కలిపితే దాటిన భాగమంతా గుర్తించబడుతుంది. హోమ్ మీట పంక్తి మొదటికి, ఎండ్ మీట పంక్తి చివరకు తీసుకొనిపోతాయి. వాటికి కంట్రోల్ జోడిస్తే మొత్తం వ్యాసం మొదటికీ, చివరకూ వెళ్ళవచ్చును. మౌస్‌ను పట్టి లాగే పని, అనగా మణికట్టుకు అన్నింటికంటె కష్టమైన పని, ఈ వారంతో తీరిపోతుంది.

మూడవ వారం: ఒక పని నుండి మరొక పనికి వెళ్ళడం. ఆల్ట్ పట్టి ట్యాబ్ నొక్కితే తెరచి ఉన్న పనులు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. విండోస్ మీటతో ఇ నొక్కితే దస్త్రాల అర తెరచుకొంటుంది. దస్త్రం పేరు మార్చడానికి ఎఫ్ 2, వెదకడానికి కంట్రోల్–ఎఫ్, ముద్రించడానికి కంట్రోల్–పి, మూసివేయడానికి ఆల్ట్–ఎఫ్ 4. విండోస్ మీటతో పొడవైన ఖాళీ మీట నొక్కితే ఆంగ్లం నుండి తెలుగుకు, తెలుగు నుండి ఆంగ్లానికి మారవచ్చును.

నాలుగవ వారం: దరఖాస్తులు, బిల్లులు. ఇది గృహిణులకూ, పెన్షనుదారులకూ మిక్కిలి ఉపయోగం. ఇంటర్నెట్‌లో దరఖాస్తు నింపునప్పుడు ఒక గడి నుండి తరువాతి గడికి ట్యాబ్, వెనుకకు రావలెనంటే షిఫ్ట్–ట్యాబ్. టిక్కు పెట్టడానికి ఖాళీ మీట. జాబితాలో నుండి జిల్లా పేరు వంటివి ఎంచడానికి బాణం మీటలు. చిరునామా వ్రాసే పట్టీకి వెళ్ళడానికి కంట్రోల్–ఎల్. అక్షరాలు చిన్నవిగా ఉంటే కంట్రోల్ పట్టి కూడిక గుర్తు నొక్కితే పెద్దవవుతాయి. దీనివలన తెర వైపు మెడ చాచే అలవాటు కూడా తగ్గుతుంది.

ఎక్కువ మీటలు కంఠస్థం చేయనవసరం లేదు. ఆ వారపు మీటలను ఒక చీటీపై వ్రాసి తెర క్రింద అంటించుకొని, చేయి మౌస్ వైపు పోయినప్పుడల్లా ఆగి చీటీ చూడాలి. మొదటి వారం పని మందగిస్తుంది, విసుగు పుడుతుంది. చేదు కషాయానికి నాలుక అలవాటు పడినట్లే చేయి కూడా అలవాటు పడుతుంది. బొమ్మలు గీయడం వంటి కొన్ని పనులకు మౌస్ తప్పదు. అప్పుడు దానిని ఎడమచేతికి మార్చి కొంతసేపు వాడవచ్చును.

మీటలతోనూ జాగ్రత్త

మౌస్ మాని కీబోర్డును అదే తీరున మితిమీరి వాడితే వ్యాధి స్థానం మారుతుందే గాని పోదు. ఈ క్రింది నియమాలు పాటించాలి.

కంట్రోల్ మీటను చిటికెనవ్రేలితో నొక్కి, అదే చేతి మరొక వ్రేలిని దూరంగా చాచరాదు. కంట్రోల్ మీట కీబోర్డుకు రెండువైపులా ఉంటుంది. ఒక చేతితో కంట్రోల్, రెండవ చేతితో అక్షరం నొక్కడం మేలు. రెండు మీటలు ఒకేసారి పట్టలేనివారు షిఫ్ట్ మీటను వరుసగా ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్ అనే సౌకర్యం కావాలా అని విండోస్ అడుగుతుంది. దానిని అంగీకరిస్తే మీటలను ఒకదాని తరువాత ఒకటిగా నొక్కినా సరిపోతుంది. వణుకు గల వృద్ధులకు ఇది గొప్ప వరం.

మోచేతులు శరీరానికి దగ్గరగా, మణికట్టు పైకిగాని క్రిందికిగాని వంగకుండా తిన్నగా ఉండాలి. నేను ఎత్తైన భోజనబల్లపై పని చేసేవాడిని. అందువలన మణికట్టు పైకి వంగి, దాని అడుగుభాగం బల్ల అంచుకు ఒరుసుకొనేది. కుర్చీపై ఒక దిండు వేసుకొని, పాదాల క్రింద పీట పెట్టుకోవడంతో ఆ లోపం తీరింది. మీటలను బలంగా కొట్టనవసరం లేదు, తాకితే చాలు. అర్ధగంటకు ఒకసారి లేచి నాలుగడుగులు వేసి, మంచినీరు త్రాగి రావాలి.

గృహచికిత్స

నిదానం తొలగిన తరువాత ఔషధం పనిచేస్తుంది. నేను ఆచరించినవి ఇవి.

ఉదయం స్నానానికి ముందు గోరువెచ్చని నువ్వుల నూనెను మోచేతి నుండి వ్రేళ్ళ చివరల వరకు పది నిమిషాలు మృదువుగా మర్దన చేయాలి. ఎముక పొడవునా నిలువుగా, కీళ్ళ వద్ద గుండ్రంగా రాయాలి. మణికట్టు మర్మస్థానం కనుక అదిమి పిసకరాదు.

గుప్పెడు వావిలాకులను నీటిలో మరిగించి, ఆ నీరు గోరువెచ్చగా చల్లారిన పిదప గుడ్డను ముంచి పిండి మణికట్టుపై ఐదు నిమిషాలు ఉంచాలి. వేడిని తిమ్మిరి ఉన్న చేతితో గాక రెండవ చేతితో పరీక్షించాలి. నా బొబ్బ నేర్పిన పాఠమిది. మధుమేహం గలవారు కాపడం విషయంలో మరింత జాగ్రత్త వహించాలి.

రోజుకు రెండు మూడు పర్యాయాలు వ్రేళ్ళను పూర్తిగా చాచి, మెల్లగా పిడికిలి బిగించి, మళ్ళీ చాచడం పదిసార్లు చేయాలి. తిమ్మిరి పెరిగితే వెంటనే మానాలి.

లోపలికి తీసుకొనే మందులను చదివి వాడరాదు. వైద్యుని వద్ద సలహా పొందాలి. రాత్రులు తిమ్మిరితో నిద్ర పట్టకపోయినా, చేతిలోని వస్తువులు జారిపోతున్నా, బొటనవ్రేలి మొదట్లోని కండ క్షీణించినా, గృహచికిత్సలతో కాలయాపన చేయక నరాల నిపుణుని చూడాలి. ఎక్కువ కాలం నలిగిన నరం తిరిగి కోలుకోకపోవచ్చును. శస్త్రచికిత్స అవసరమని నిర్ధారణ అయితే వాయిదా వేయరాదు. గర్భిణులు, థైరాయిడ్, మధుమేహం గలవారు మొదటనే వైద్యుని సంప్రదించడం మంచిది.

ఫలితం

మౌస్ తెర వెనుకకు పోయిన రెండు వారాలకు తెల్లవారుజామున మెలకువ రావడం తగ్గింది. నెల తిరిగేసరికి చొక్కా గుండీలు చూడకుండా పెట్టుకోగలిగాను. ఆరు నెలల పిదప మళ్ళీ పరీక్ష చేయించగా మెరుగుదల ఉన్నదని నిపుణులు చెప్పారు. రాత్రిపూట పట్టీ, తైలం, మీటలు మూడూ కలసి పనిచేశాయి. ఏది ఎంత మేలు చేసిందో విడదీసి చెప్పలేను. కాని తైలమూ పట్టీయూ ముందు నుండీ ఉన్నవే. అవి ఉండగానే వ్యాధి పెరిగింది. మౌస్ తొలగిన తరువాతనే తగ్గుముఖం పట్టింది. నిదాన పరివర్జనమే చికిత్సలో మొదటి మెట్టు అని శాస్త్రం చెప్పినది ఇందుకే.

చింతపిక్కల లెక్క మరొకసారి వేయించాను. ఒక పుటకు అరవై మూడుకు బదులు నాలుగు మాత్రమే వచ్చాయి. ఆ నాలుగు పిక్కలను మా ఇల్లాలు కీబోర్డు ప్రక్కన గిన్నెలో ఉంచింది.

2024 సంక్రాంతి వెళ్ళిన తరువాత ఆ వృద్ధుడు మళ్ళీ వచ్చారు. ఆయన కుడి మణికట్టుపై మూడు వ్రేళ్ళు ఆనించి కనులు మూసుకొన్నాను. మొదట ఉంగరపువ్రేలి క్రింద, తరువాత మధ్యవ్రేలి క్రింద, చివరకు, కొంత ఆలస్యంగానైనా, చూపుడువ్రేలి క్రింద నాడి అందింది. "ఏమి డాక్టరు గారూ, ఇంతసేపు చూస్తున్నారు? నాకేమైనా ప్రమాదమా?" అని ఆయన కంగారుపడ్డారు. "మీకేమీ లేదు, నిక్షేపంగా ఉన్నారు" అని చెప్పి పంపించాను.

క్రోధి నామ సంవత్సర ఉగాది నాటికి మా తండ్రిగారి పదకొండవ పుస్తకం కూడా ముగిసింది. చివరి పుట ఎక్కించి కంట్రోల్ పట్టి ఎస్ నొక్కాను. ప్రతి పుస్తకం మొదటి పుటలో ఆయన వ్రాసిన ఆ ఒక్క వాక్యాన్ని పదకొండుసార్లు టైపు చేసిన తరువాత గాని దాని అర్థం నా చేతికి ఎక్కలేదు. పాఠకులు చేయి మొద్దుబారకముందే దానిని ఆచరించి, ఆరోగ్యవంతులు కాగలరని ఆశిస్తున్నాను.